సుభాష్ ముఖోపాధ్యాయకు పావు పేజీ: పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) పాఠ్యపుస్తక కమిటీల సభ్యులకు, రెండు తెలుగు రాష్ట్రాల్లో బడి పుస్తకాలు రాసే మిత్రులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. మీరు రాసిన వాక్యాన్ని తరగతిలో గట్టిగా చదివి వినిపించేది మేము. దాని మీద పిల్లలు అడిగే ప్రశ్నలు మీ దాకా రావు, మా దగ్గరే ఆగిపోతాయి. కొన్నేళ్లుగా ఆ ప్రశ్నల తీరు మారింది. "ఇది ఎలా పనిచేస్తుంది సార్?" అనడం తగ్గి, "ఇది మనవాళ్లే ముందు కనిపెట్టారట కదా సార్?" అనడం పెరిగింది. రెండో ప్రశ్న వేసిన పిల్లవాడికి వివరణ అక్కర్లేదు. ఔనంటే సంతోషిస్తాడు. కాదంటే, ఈయన మనవాడు కాదేమో అన్నట్టు చూస్తాడు.

ఇదంతా వాట్సాప్ పుణ్యమేనని చాలాకాలం సరిపెట్టుకున్నాను. మీ పాఠాల్లోనూ అదే ధోరణి కనబడటంతో ఇప్పుడు అలా సరిపెట్టుకోవడం కుదరడం లేదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగినప్పుడు పిల్లలతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. దాని వెనక నడిచిన కథ తెలుసు కాబట్టి ఆ సంతోషం రెట్టింపయింది. 1963లో తుంబా నుంచి మనం ప్రయోగించిన మొదటి రాకెట్ అమెరికా వాళ్లది. 1975లో మన ఆర్యభట ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది సోవియట్ రాకెట్. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి లేచిన మొట్టమొదటి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రం పాలైంది. ఏడాది తిరగకుండా, 1980 జులైలో, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలినప్పుడు, ఎక్కడెక్కడ ఏమేమి చెడిపోవచ్చో ముందే ఊహించి, ఒక్కోదానికి విరుగుడు పెట్టుకుంటూ ఇస్రో చంద్రయాన్-3ను తయారు చేసింది. అరవై ఏళ్ల ఈ చరిత్రలో అడిగి తెచ్చుకున్నవి, నేర్చుకున్నవి, పడి లేచినవి అన్నీ ఉన్నాయి. దాచుకోవలసింది ఒక్కటీ లేదు.

రెండు నెలలు గడిచేసరికి, ఆ గెలుపు మీదే బడి పిల్లల కోసం మీరు విడుదల చేసిన ప్రత్యేక పాఠాల్లో వైమానిక శాస్త్రం అనే గ్రంథం ప్రత్యక్షమైంది. పూర్వం మన దేశంలో ఎగిరే వాహనాల విజ్ఞానం ఉండేదని ఆ గ్రంథం వల్ల తెలుస్తోందన్న ధోరణిలో రాశారు. విమర్శలు వచ్చాక, పురాణాలు కొత్త ఆలోచనలకు ప్రేరణ ఇస్తాయని ప్రభుత్వం సమర్థించుకుంది. ప్రేరణ ఇస్తాయి, నేనూ ఒప్పుకుంటాను. అయితే ప్రేరణ అన్న మాట వేరు, విజ్ఞానం ఉండేదన్న మాట వేరు. పదకొండేళ్ల పిల్లవాడికి ఈ తేడా చెప్పవలసిన పుస్తకమే దాన్ని చెరిపేస్తే ఎలా?

ఆ గ్రంథం పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలియవని నేను అనుకోను. బెంగళూరు దగ్గరి ఆనేకల్‌లో ఉండే సుబ్బరాయ శాస్త్రి అనే పండితుడు 1918, 1923 మధ్య దాన్ని చెబుతుంటే మరొకరు రాసుకున్నారు. భరద్వాజ మహర్షి విజ్ఞానం తనకు స్ఫురించిందని ఆయన నమ్మకం. అందులోని బొమ్మలు గీసింది బెంగళూరు ఇంజినీరింగ్ కళాశాలలో పనిచేసిన ఒక చిత్రకారుడు. 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన హెచ్.ఎస్. ముకుంద, మరో నలుగురు ఆ గ్రంథాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. భాషను బట్టి దాని కాలం తేల్చారు. చెప్పిన కొలతలతో, చెప్పిన ఆకారంలో విమానం తయారైతే ఏమవుతుందో లెక్కగట్టారు. గ్రంథం 1904 కంటే పాతది కాదని, ఆ విమానాల్లో ఏదీ ఎగరదని తేల్చారు. నవ్వి పక్కన పడేయకుండా, చదివి, లెక్క వేసి, కాదని చెప్పిన ఆ అయిదుగురూ నా దృష్టిలో గొప్ప దేశాభిమానులు. వాళ్ల వ్యాసం వచ్చిన 49 ఏళ్లకు దేశంలోని అత్యున్నత పాఠ్యపుస్తక సంస్థ దాన్ని చూడనట్టు రాయడం నాకు అర్థం కాలేదు.

ఈ తప్పులో ఢిల్లీ ఒంటరి కాదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి మాట్లాడుతూ, కౌరవులు టెస్ట్ ట్యూబ్ శిశువులని, రావణుడి దగ్గర 24 రకాల విమానాలు ఉండేవని సెలవిచ్చారు. దేశమంతా నవ్వింది. తెలుగువాళ్లం కాబట్టి మనకు మరికాస్త ఎక్కువ తగిలింది. నాకు ఇంకో సంగతి కూడా తోచింది. దేశ గౌరవం కోసం ఏరికోరి తెచ్చుకున్నది ఎవరిని? కౌరవులను, రావణుణ్ణి! అహంకారం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూపించడానికి మన కవులు మలిచిన పాత్రలవి. పుష్పకమైనా రావణుడు తయారు చేయించుకున్నది కాదు, అన్న కుబేరుడి దగ్గర లాక్కున్నది. కథ చెప్పినవాళ్లకు ఉన్నపాటి నిజాయితీ కథను వాడుకునేవాళ్లకు లేకపోయింది.

గాంధారి మాంసపిండాన్ని వ్యాసుడు నేతికుండల్లో పెట్టించిన ఘట్టం కల్పనగా అద్భుతమైనది. దాన్ని ప్రయోగశాల నివేదికగా మారిస్తే కావ్యానికీ ప్రయోగశాలకూ రెండింటికీ అవమానమే. అది అలా ఉంచండి. అసలు నేను ఈ లేఖ రాయడానికి కారణం, నిజంగా టెస్ట్ ట్యూబ్ శిశువు పుట్టుకకు కారకుడైన భారతీయుడి పేరు మా పిల్లల్లో ఎవరికీ తెలియకపోవడం.

ఆయన పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. కలకత్తాలో వైద్యుడు, పరిశోధకుడు. కలకత్తాలో ఒకటి, ఎడిన్‌బరోలో ఒకటి డాక్టరేట్లు చేశాడు. 1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టింది, ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు. ఆ తర్వాత 70 రోజులకు, అంటే అక్టోబరు 3న, కలకత్తాలో ముఖోపాధ్యాయ, ఆయన సహచరులు సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్య కృషి ఫలితంగా ఒక ఆడపిల్ల పుట్టింది. దసరా రోజులు కావడంతో ఆ బిడ్డను దుర్గ అని పిలిచారు. పైగా ఈయన అనుసరించిన మార్గం ఇంగ్లండు వాళ్లది కాదు. ఎక్కువ అండాలు వచ్చేలా హార్మోను ఇచ్చాడు, ఫలదీకరణం చెందిన పిండాన్ని గడ్డకట్టించి 53 రోజులు భద్రపరిచి, అనువైన సమయంలో తల్లి గర్భంలో ప్రవేశపెట్టాడు. గడ్డకట్టించిన పిండంతో బిడ్డ పుట్టిందని ప్రపంచం గుర్తించినది ఆస్ట్రేలియాలో, 1984లో. ఈ రెండు పద్ధతులూ ఇవాళ మన పట్టణాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో రోజూ జరిగే పనులు.

మరి దేశం ఆయనకు ఏమిచ్చింది? పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఆ కమిటీలో లేరనే చెప్పాలి, దాని అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్ర నిపుణుడు. ముఖోపాధ్యాయ చెప్పినదంతా బూటకమని కమిటీ తేల్చింది. జపాన్ నుంచి ఆహ్వానం వస్తే వెళ్లనివ్వలేదు. చివరకు కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఇంగ్లండులో ఇదే పని చేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే దీన్ని పిల్లలకు చెప్పడానికి నాకు మనసొప్పేది కాదు. 1986లో ముంబైలో టీ.సీ. ఆనంద్ కుమార్, ఇందిరా హిందుజా బృందం వల్ల ఒక బిడ్డ పుట్టింది. భారతదేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువుగా ఆ బిడ్డ పేరే రికార్డుల్లోకి ఎక్కింది, ఆనంద్ కుమార్‌కు కీర్తి వచ్చింది. 1997లో ముఖోపాధ్యాయ రాసుకున్న కాగితాలు ఆనంద్ కుమార్ చేతికి వచ్చాయి. చదివాడు. మొదటివాణ్ణి నేను కాదు, ముఖోపాధ్యాయ అని ప్రకటించాడు. తన పేరున ఉన్న 'మొదటి' అన్న కిరీటాన్ని తానే తీసి, చనిపోయి 16 ఏళ్లయిన మనిషి తల మీద పెట్టాడు. ఇలా చేసిన శాస్త్రవేత్తలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దేశ గౌరవం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు. ఇందులో గర్వించడానికి ఉంది, సిగ్గుపడటానికీ ఉంది. రెండూ ఒకే పేజీలో ఉండటమే నాకు కావాలి.

తాతలు తాగిన నేతుల సామెత మీకు తెలియనిది కాదు, దాన్ని మీ మీద ప్రయోగించాలని నాకు లేదు. నా గొడవ వేరు. ఆ తాతలు నిజంగా తాగిన నెయ్యి సంగతి పుస్తకాల్లో సరిగా ఉండటం లేదు. తాగనిది మాత్రం ఉంటోంది.

ఉదాహరణకు శస్త్రచికిత్స. గణపతికి ఏనుగు తల అతికించడం ప్లాస్టిక్ సర్జరీకి నిదర్శనమని 2014లో ముంబైలో ఒక ఆసుపత్రి కార్యక్రమంలో స్వయంగా ప్రధాన మంత్రి అన్నారు. అంత దూరం వెళ్లవలసిన పనే లేదు. తెగిన ముక్కును చర్మంతో తిరిగి చేసే విధానం సుశ్రుతుడి గ్రంథంలో ఉంది. అది కాగితం మీదే ఆగిపోలేదు కూడా. టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసేసిన కావస్జీ అనే బండి తోలేవాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో కొత్త ముక్కు పెట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1814లో ఆ శస్త్రచికిత్స తానే చేశాడు. యూరప్ మన దగ్గర నేర్చుకున్నదనడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

అయితే ఆ కథనంలో ఒక వివరం ఉంది, అది చాలామందికి రుచించదు. ముక్కు పెట్టినవాడు ఇటుకలు చేసే కులంవాడని రాశారు. పేరు రాయలేదు. శతాబ్దాల పాటు ఆ విద్యను చేతుల్లో నిలబెట్టినవాడికి శాస్త్ర పీఠం మీద చోటు లేదు, శాస్త్రం చదివినవాడు కత్తి పట్టలేదు. చేతి పనిని నీచమని తోసేయడం వల్లే మన విజ్ఞానం ఎండిపోయిందని ప్రఫుల్ల చంద్ర రాయ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే రాశాడు. ఆయన జాతీయవాది, బెంగాల్ కెమికల్స్ స్థాపకుడు, విదేశీ భక్తుడు కాదు. మన పతనానికి దండయాత్రలను మాత్రమే కారణంగా చూపే పాఠాల్లో ఈ మాట ఎక్కడా కనబడదు.

ఇలాంటి హెచ్చరికే ఇంకా ముందు ఒక పరాయివాడు చేశాడు. పదకొండో శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, సంస్కృతం నేర్చుకుని, మన గణితం, జ్యోతిషం చదివిన అల్ బిరూనీ. తమ దేశం లాంటి దేశం, తమ శాస్త్రం లాంటి శాస్త్రం మరొకటి లేదని ఈ పండితులు అనుకుంటారని, ఖురాసాన్‌లోనో పర్షియాలోనో ఒక పండితుడున్నాడంటే నమ్మరని రాశాడు. గజనీ మహమూద్ కొలువులోని మనిషి మాట మనకెందుకు అనవచ్చు. మహమూద్ ఈ దేశ సంపదను సర్వనాశనం చేశాడని కూడా అదే గ్రంథంలో రాసిన మనిషి ఆయన. పైగా ఈ పండితుల పూర్వీకులు ఇలా ఉండేవారు కారంటూ వరాహమిహిరుణ్ణి ఉదాహరించాడు. యవనులు (గ్రీకులు) మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వారిలో బాగా నెలకొని ఉంది కాబట్టి వారినీ ఋషుల్లా పూజించాలని వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో అన్నాడు. తాను సంగ్రహించిన అయిదు సిద్ధాంతాల్లో పడమటి మూలాలున్న రోమక, పౌలిశ సిద్ధాంతాలను ఆ పేర్లతోనే చేర్చుకున్నాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పడానికి నామోషీ పడలేదు.

ఆర్యభటుడి విషయమూ అంతే. 499 నాటి ఆయన గ్రంథంలో π (వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి) విలువ 3.1416 ఉంది, అది దగ్గరి విలువ మాత్రమేనని ఆయనే చెప్పాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందన్నాడు. అదే గ్రంథంలో పిరమిడ్ ఘనపరిమాణం సూత్రం తప్పు. భూభ్రమణం మీద బ్రహ్మగుప్తుడు ఆయనను దులిపేశాడు, ఆ వాదంలో ఆర్యభటుడిదే ఒప్పు. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో లెక్కలు చేసే నియమాలు ఇచ్చాడు, సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నది మాత్రం పొరబాటు. కేరళలో పరమేశ్వరుడు దశాబ్దాల తరబడి గ్రహణాలు చూసి, పాత లెక్కలకూ ఆకాశానికీ పొంతన కుదరడం లేదని 1431లో కొత్త గణితం ప్రతిపాదించాడు. పెద్దలు చెప్పింది ఒకవైపు, కళ్లకు కనబడేది ఒకవైపు ఉంటే ఆయన ఎటు మొగ్గాడో చూడండి. ఇప్పుడు మా తరగతిలో ఒక పిల్ల లేచి ఆర్యభటుడి పిరమిడ్ సూత్రం తప్పు కదా అంటే, పక్కవాళ్లు ఆమెను దేశద్రోహి అంటారేమోనని నా భయం. పరమేశ్వరుడికి వారసురాలు ఆమే.

ఈ గొప్పల వెనక ఒక గాయం ఉందని నాకు తెలుసు. భారత, అరబ్ సాహిత్యమంతా కలిపినా ఒక మంచి యూరప్ గ్రంథాలయంలోని అలమారాలో ఒక్క అరకు సాటి రాదని 1835లో మెకాలే రాశాడు. సంస్కృతం, అరబ్బీ భాషల్లో దేన్నీ చదవని మనిషి ఆ మాట రాయడం అహంకారానికి పాఠం చెప్పే ఉదాహరణ, తప్పక పుస్తకంలో పెట్టండి. మనం ఇచ్చే జవాబు మాత్రం ఆయన కొలబద్దతోనే ఉంటోంది. విమానం, క్షిపణి, టెస్ట్ ట్యూబ్, ప్లాస్టిక్ సర్జరీ... పడమటి వాళ్లు చేసి చూపినవే మన పురాణాల్లో దొరుకుతాయి. ఇంకా ఎవరూ కనిపెట్టని వస్తువు ఫలానా గ్రంథంలో ఫలానా చోట ఉంది, ఇదిగో చేసి చూపిస్తామని ముందుగా చెప్పినవారు నాకు ఇప్పటిదాకా తారసపడలేదు.

అన్ని దేశాలూ ఇలాంటి గొప్పలు చెప్పుకుంటాయి కదా అనేవారు ఉన్నారు. చెప్పుకుంటాయి. 1793లో బ్రిటిష్ రాయబారి తెచ్చిన యంత్రాలను చూసి, మాకు అన్నీ ఉన్నాయి, మీ సరుకు అక్కర్లేదని చైనా చక్రవర్తి జవాబు రాశాడు. తర్వాత యాభై ఏళ్లు నిండకుండానే బ్రిటన్‌తో జరిగిన నల్లమందు యుద్ధంలో ఆ సామ్రాజ్యం లొంగిపోయింది. బ్రిటన్ చేసింది దుర్మార్గమే, చక్రవర్తి కళ్లు మూసుకున్నదీ నిజమే.

మీ మీద ఇంకొక ఫిర్యాదు. భారం తగ్గించే పేరుతో పదో తరగతి పుస్తకం నుంచి జీవ పరిణామాన్ని, ఆవర్తన పట్టికను తీసేశారు. పరిణామాన్ని తీసేయవద్దని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు లేఖ రాశారు. పదో తరగతితో సైన్సు చదువు ఆగిపోయే పిల్లలు మా బడిలో చాలామంది. వాళ్లకు డార్విన్ ఇక ఎన్నటికీ ఎదురుపడడు. డార్విన్‌కు చోటు చాలని చోట వైమానిక శాస్త్రానికి చోటు దొరికిందన్న సంగతి మీరే మరోసారి ఆలోచించండి.

చోటు ఉంటే ఏమేమి పెట్టవచ్చో చూడండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ ద్రావణం సూత్రం ఆయన ఒక్కడిదే కాదు, ఢాకాలో అమెరికన్ పరిశోధకులు 1968లోనే రోగుల మీద చూపించారు. దాన్ని వేలమంది మధ్య, వైద్యులు చాలని చోట, బురదలో నిలబెట్టి చూపించింది ఆయన. అంగన్‌వాడీలో పంచే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక ఈ కథ అంతా ఉంది. ఆయనకు పద్మ విభూషణ్ వచ్చింది చనిపోయాక, 2023లో.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగు పిల్లలకు కొంతైనా తెలుసు. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో తయారైందని మాత్రం తెలియదు. మాత్ర మింగమంటే మొరాయించే మా ఊరి పెద్దలకు ఈ సంగతి చెబితే ఇద్దరు ముగ్గురు నవ్వుతూ మింగారు. దేశాభిమానం ఇలా కూడా పనికొస్తుంది.

ఇక నా కోరికలు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. దాని చివర ముఖోపాధ్యాయకు, ఆనంద్ కుమార్‌కు కలిపి పావు పేజీ ఇవ్వండి. కమిటీ సంగతి దాచకండి. ఆర్యభటుడి పాఠంలో ఆయన ఒప్పులతోపాటు తప్పు సూత్రాన్నీ ఇచ్చి, తప్పెక్కడుందో కనుక్కోమని అభ్యాసంలో అడగండి. చంద్రయాన్ పాఠాల్లో వైమానిక శాస్త్రాన్ని ఉంచాలనే మీరు పట్టుబడితే, 1974 నాటి అయిదుగురి లెక్కలు కూడా దాని పక్కనే వేయండి, పిల్లలే తేల్చుకుంటారు. ప్రాచీన విజ్ఞానం మీద రాసే ప్రతి వాక్యానికీ ఏ గ్రంథం, ఏ కాలం, ఎవరు పరిశీలించారు అన్న వివరాలు ఉపాధ్యాయుల కరదీపికలో ముద్రించండి. ఆధారం దొరకని వాక్యం ఉంటే అచ్చుకు వెళ్లకముందే కొట్టేయండి, ఆ పని తరగతిలో మా చేత చేయించకండి.

వచ్చే ముద్రణకు ముసాయిదాలు ఎప్పుడు సిద్ధమవుతాయో, వాటిని ఉపాధ్యాయులు చూసి అభ్యంతరాలు చెప్పే వీలు ఉంటుందో లేదో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు